పళ్ళొస్తున్నాయని సరిపెట్టుకునే జ్వరాలు

ఏడెనిమిది నెలల బిడ్డకు ఒళ్ళు వెచ్చబడిందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్ళలో ముందుగా వినబడే మాట ‘పళ్ళొస్తున్నాయి, అందుకే’. విరేచనాలైనా అదే మాట, రాత్రంతా ఏడ్చినా అదే మాట. అమ్మమ్మ చిగుళ్ళు తడిమి చూస్తుంది, వేలికి ఏదో గట్టిగా తగులుతుంది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ మాటలో బిడ్డ మీద ప్రేమ ఉంది, నలుగురిని పెంచి పెద్ద చేసిన చేతుల అనుభవం ఉంది. అయినా జ్వరం విషయంలో ఆ మాట తప్పు. పాలపన్ను చిగురులోంచి బయటికి రావడం వల్ల 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్ దాటే జ్వరం రాదు. ఆ గీత దాటిందంటే కారణం మరెక్కడో ఉంది, దాన్ని వెతకాలి. పన్ను పేరు చెప్పుకోగానే ఆ వెతుకులాట ఆగిపోతుంది. నష్టమంతా అక్కడే మొదలవుతుంది.

ముందు పన్ను సంగతి చూద్దాం. బిడ్డ తల్లి కడుపులో ఉండగానే చిగుళ్ళ లోపల పాలపళ్ళు తయారవడం మొదలవుతుంది. సాధారణంగా ఆరో నెల ప్రాంతంలో కింది ముందుపళ్ళు రెండు కనిపిస్తాయి. నాలుగో నెలలోనే వచ్చినా, ఏడాది నిండేదాకా రాకపోయినా కంగారు పడనక్కర్లేదు. తర్వాత పై ముందుపళ్ళు, వాటి పక్కవి, ఏడాది దాటాక మొదటి దవడపళ్ళు, ఆపైన కోరపళ్ళు, రెండు రెండున్నరేళ్ళకు వెనక దవడపళ్ళు, మొత్తం 20. పైపళ్ళు ముందొస్తే మేనమామకు గండమనే నమ్మకం ఇక్కడ ఇంకా గట్టిగానే ఉంది. వరస కాస్త అటూ ఇటూ అవడం చాలామంది పిల్లల్లో మామూలే, దానివల్ల ఎవరికీ ఏ కీడూ రాదు.

పన్ను బయటపడే ముందు నాలుగు రోజులు, పడ్డాక మరో మూడు రోజులు బిడ్డకు కొంత ఇబ్బంది ఉండే మాట నిజం. చొంగ ఎక్కువగా కారుతుంది. చిగురు ఎర్రబడి ఉబ్బుతుంది. దొరికినదల్లా నోట్లో పెట్టుకుని కొరుకుతుంది, చిరాకు పడుతుంది, గట్టి ఆహారం తినడానికి మొరాయిస్తుంది. ఒంటి వేడి రవ్వంత పెరగవచ్చు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 125 మంది పసిపిల్లల మీద జరిపి 2000లో ప్రచురించిన అధ్యయనంలో తల్లిదండ్రులు రోజుకు రెండుసార్లు బిడ్డ వేడి చూసి, ప్రతి లక్షణాన్నీ, ప్రతి కొత్త పన్నునూ రాసి పెట్టారు. ఎక్కువ జ్వరానికీ పన్ను రావడానికీ సంబంధం కనబడలేదు. వాంతులు, విరేచనాలు, దగ్గు సంగతీ అంతే. 2016లో బ్రెజిల్ పరిశోధకులు ఈ విషయం మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి, వేడి కొద్దిగా పెరుగుతుందే తప్ప జ్వరం స్థాయికి చేరదని తేల్చారు.

మరి తరతరాలుగా ఇంతమంది తల్లులు చూసినది అబద్ధమా అంటే, చూసినది అబద్ధం కాదు. పన్నూ జ్వరమూ ఒకేసారి రావడం వాళ్ళు నిజంగానే చూశారు. లెక్క వేస్తే అలా కలిసి రావడంలో వింతేమీ లేదని తెలుస్తుంది. ఆరో నెల నుంచి రెండున్నరేళ్ళ దాకా, అంటే సుమారు 24 నెలల్లో 20 పళ్ళు రావాలి. దాదాపు ప్రతి నెలా ఏదో ఒక పన్ను వస్తూనే ఉంటుంది. అదే వయసులో పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు, వైరల్ జ్వరం రావడం సహజం. ఆ రెండేళ్ళలో బిడ్డకు ఏ రోజు జ్వరం వచ్చినా ఆ దరిదాపుల్లో ఒక పన్ను కనిపించక మానదు. దానికి తోడు, గర్భంలో ఉండగా తల్లి నుంచి బిడ్డకు చేరిన రోగనిరోధక శక్తి ఆరో నెల ప్రాంతానికే చాలావరకు తరిగిపోతుంది. అన్నప్రాశన జరిగేదీ అప్పుడే. అంతదాకా తల్లిపాలే తాగిన కడుపులోకి కొత్త ఆహారం, కొత్త నీళ్ళు, కొత్త గిన్నెలు, కొత్త చేతులు వచ్చి పడతాయి. బిడ్డ పాకడం, నేల మీదిది ఏరి నోట్లో పెట్టుకోవడం కూడా ఆ నెలల్లోనే మొదలవుతుంది. విరేచనాలు అప్పుడే ఎందుకు పట్టుకుంటాయో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ పొరపాటు మన పల్లెలదే అనుకోవడం అన్యాయం. పళ్ళు రావడం రోగాలన్నిటికీ కారణమని, అందులోనూ జ్వరం, విరేచనాలు, దగ్గు, వాంతులకు ముఖ్య కారణమని వాగ్భటుడు ప్రాచీన ఆయుర్వేద గ్రంథమైన అష్టాంగ హృదయంలో రాశాడు. అదే చోట, పళ్ళ వల్ల వచ్చే బాధలకు బిడ్డను మందులతో, పథ్యాలతో మరీ కట్టడి చేయవద్దని, పన్ను వచ్చాక అవి వాటంతటవే తగ్గుతాయని కూడా అన్నాడు. రెండో మాట చిగురు నొప్పి వరకు నేటికీ చెల్లుతుంది. మొదటి మాటను నమ్మి రెండో మాటను జ్వరానికీ వర్తింపజేస్తేనే ప్రమాదం. ఇంగ్లండులో అయితే 1842లో లండన్‌లో చనిపోయిన ఏడాది లోపు పిల్లల్లో నూటికి దాదాపు ఐదుగురి మరణానికి కారణం ‘పళ్ళు రావడం’ అని ప్రభుత్వ రికార్డుల్లోనే నమోదైంది. ఆ పిల్లలు పళ్ళ వల్ల పోలేదు. వాళ్ళ అసలు జబ్బేమిటో ఎవరూ కనుక్కోలేదు. అక్కడితో ఆగలేదు. 20వ శతాబ్దం తొలి సగంలో బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాల్లో పళ్ళు వచ్చే పిల్లలకు పాదరసం కలిసిన పొడులు పట్టించారు. ఆ పిల్లల్లో కొందరికి చేతులు, కాళ్ళు గులాబీ రంగుకు తిరిగి, విపరీతమైన నొప్పితో విలవిల్లాడే జబ్బు వచ్చింది. కారణం తెలిసి 1950లలో ఆ పొడులను మానేశాక ఆ జబ్బే దాదాపు కనబడకుండా పోయింది.

జ్వరం వెనక ఏముండవచ్చు

చాలాసార్లు అది మామూలు వైరల్ జ్వరమే. ముక్కు కారుతుంది, రెండు మూడు రోజులు ఒళ్ళు కాలుతుంది, తగ్గిపోతుంది. అయితే ఇంట్లో పన్ను ఖాతాలో పడిపోయే తీవ్రమైన జబ్బులు కొన్ని ఉన్నాయి. బిడ్డ చెవి పీక్కుంటూ ఏడిస్తే దవడ సలుపుతోంది అనుకుంటారు, లోపల చెవిలో చీము పట్టి ఉండవచ్చు. దగ్గు, జలుబు ఏమీ లేకుండా జ్వరం మాత్రమే వచ్చే ఆడపిల్లల్లో మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. చిన్న మూత్ర పరీక్షతో తెలిసిపోతుంది. ఈ పరీక్ష అడిగి చేయించుకునేవాళ్ళు తక్కువ.

న్యుమోనియాను పట్టుకోవడానికి స్టెతస్కోపు అక్కర్లేదు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట కదలికను చూస్తూ ఒక పూర్తి నిమిషం ఊపిరిని లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు వాళ్ళకు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు వాళ్ళకు 40, లేదా అంతకు మించి ఉంటే అది వేగంగా ఊపిరి తీసుకోవడమే. డొక్కలు ఎగరేస్తూ, రొమ్ము కింది భాగం లోపలికి పోతుంటే ఇక ఇంట్లో గడపాల్సిన సమయం ఒక్క నిమిషం కూడా లేదు. పల్లెల్లో పెద్దవాళ్ళు డొక్కలు ఎగరడాన్ని చూడగానే గుర్తుపడతారు. ఆ చూపు విలువైనది. చిగురు కన్నా ముందు డొక్కల వైపు చూడటం అలవాటైతే చాలు.

కొండ ప్రాంతాల సంగతి వేరు. శ్రీకాకుళం జిల్లాలో మందస, మెళియాపుట్టి వైపు కొండ పల్లెల్లో, విజయనగరం జిల్లాలో శృంగవరపుకోట కొండల మీది గూడేల్లో జ్వరమంటే మొదట మలేరియా గుర్తుకు రావాలి. తూర్పు కనుమల్లో ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారమ్ రకం మలేరియా ఉంది. ఆశా కార్యకర్త దగ్గరుండే కిట్‌తో వేలి నుంచి ఒక్క రక్తపు చుక్క తీసి పావుగంట, ఇరవై నిమిషాల్లో చెప్పేయవచ్చు. పసిబిడ్డ కదా, పళ్ళొస్తున్నాయి కదా అని ఆ చుక్క రక్తం తీయించకపోవడం క్షమించరాని ఆలస్యం. వానాకాలంలో మైదాన గ్రామాల్లో, పట్టణాల్లో డెంగీని కూడా లెక్కలో పెట్టుకోవాలి. గడ్డి, పొదలు ఎక్కువగా ఉన్న చోట్ల చిన్న నల్లి పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ ఉంటుంది. చంకలోనో గజ్జల్లోనో కాలినట్టు నల్లటి పొక్కు కనబడవచ్చు. బిడ్డ బట్టలన్నీ విప్పి ఒళ్ళంతా ఒకసారి చూస్తేనే అది కంటపడుతుంది.

విరేచనాలను పళ్ళ మీద నెట్టేయడం అన్నిటికన్నా చేటు. ఒంట్లో నీరు తగ్గిపోతే పసిబిడ్డ గంటల్లోనే నీరసించిపోతుంది. మాడు లోపలికి గుంటపడటం, కళ్ళు లోతుకు పోవడం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోవడం, పొట్ట మీది చర్మాన్ని వేళ్ళతో పట్టి వదిలితే మెల్లగా సర్దుకోవడం దాని గుర్తులు. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్ళకు సరిపోయేది. గ్లాసుడు నీళ్ళలో కొంచెం కొంచెం వేసి కలిపితే ఉప్పు పాళ్ళు తప్పి మేలుకు బదులు కీడు జరుగుతుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. దానితో పాటు జింకు 14 రోజులు. విరేచనాలు మూడో రోజుకే కట్టినా మాత్రలు ఆపకూడదు. ఈ రెండూ ఆశా దగ్గర, అంగన్‌వాడీలో, ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతాయి. తల్లిపాలు ఒక్క పూట కూడా మానకూడదు. విరేచనాలవుతుంటే పాలు ఆపమనే సలహా ఎవరిచ్చినా వినవద్దు.

వేడిని చూసి భయపడాలా

మెదడులోని హైపోథాలమస్ అనే చిన్న భాగం ఒంటి వేడిని నిలకడగా ఉంచుతుంది. క్రిములు ఒంట్లో చేరినప్పుడు రోగనిరోధక కణాలు పంపే సంకేతాలతో అక్కడ ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం తయారవుతుంది. దాంతో శరీరం తన వేడిని పెంచాలని నిర్ణయించుకుంటుంది. ఆ పెరిగే దశలో చేతులు, కాళ్ళు చల్లబడతాయి, వణుకు వస్తుంది. అప్పుడు చన్నీళ్ళ గుడ్డతో ఒళ్ళంతా తుడిస్తే శరీరం ఇంకా గట్టిగా వణికి మరింత వేడిని పుట్టిస్తుంది. బిడ్డకు నరకం, ఫలితం సున్నా. ఐసు నీళ్ళు, స్పిరిట్ అయితే అసలే వద్దు. నుదుటి మీద మామూలు నీళ్ళ తడిగుడ్డ వేస్తే బిడ్డకు హాయిగా ఉంటే వేయవచ్చు, ఏడుస్తుంటే తీసేయాలి. చలి తగ్గి ఒళ్ళు కాలుతున్న దశలో స్వెట్టరు, టోపీ, రెండు దుప్పట్లు కప్పడం కూడా పొరపాటే. కోస్తా ఉక్కపోతలో పలచటి నూలు చొక్కా ఒక్కటి చాలు. కిటికీ తెరిచి, ఫ్యాను తక్కువలో తిరగనివ్వవచ్చు.

జ్వరం తలకెక్కి మెదడు పాడవుతుందన్నది మన ఇళ్ళలో అందరి భయం. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే జ్వరం తనంతట తాను మెదడును దెబ్బతీసే స్థాయికి చేరదు; హైపోథాలమస్ దానికి హద్దు పెడుతుంది. మెదడుకు ముప్పు వచ్చేది మెదడువాపు, మెదడు పొరల వాపు, మలేరియా వంటి జబ్బుల వల్ల. అందుకే అంకె ఎంత అన్నదాని కన్నా బిడ్డ ఎలా ఉన్నదన్నది ముఖ్యం. 102 ఉన్నా మందు పడ్డాక లేచి బొమ్మ కోసం చేయి చాచే బిడ్డ కన్నా, 100.5 మాత్రమే ఉండి పాలు తాగకుండా, కళ్ళు తెరవకుండా సోలిపోయిన బిడ్డ విషయంలోనే భయపడాలి.

ఈ సూత్రానికి ఒక మినహాయింపు ఉంది. మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 తాకితే చాలు, ఎంత హుషారుగా కనిపించినా అదే రోజు, అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆ వయసులో రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్నా బయటికి వేరే గుర్తులు కనబడవు. వాళ్ళకు డాక్టరు చెప్పకుండా జ్వరం మందు పోస్తే ఉన్న ఒక్క గుర్తూ మాసిపోతుంది. నెలన్నర, రెండున్నర నెలల టీకా వేసిన మర్నాడు వచ్చే జ్వరం గురించి మాత్రం ఏఎన్‌ఎం టీకా రోజునే చెప్పి పంపుతారు. అది ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోయినా, బిడ్డ పాలు తాగకపోయినా దాన్నీ టీకా మీద తోసేయకూడదు.

తల్లి అరచేయి మంచి సాధనమే. చేతికి చల్లగా ఉంటే జ్వరం లేదని చాలావరకు నమ్మవచ్చు. వెచ్చగా తగిలినప్పుడు మాత్రం నిజంగా జ్వరమా, ఎంత అన్నది చేయి చెప్పలేదు. దానికి డిజిటల్ థర్మామీటర్ ఒకటి ఇంట్లో ఉండాలి. చంక పొడిగా తుడిచి, కొన సరిగ్గా మధ్యలో తగిలేలా పెట్టి, బీప్ వచ్చేదాకా చేతిని ఒంటికి ఆనించి పట్టుకోవాలి. చంకలో చూపే అంకె లోపలి వేడి కన్నా దాదాపు ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ తక్కువ ఉంటుంది.

సీసా మీది చిన్న అక్షరాలు

పిల్లల జ్వరానికి ఇంట్లో వాడదగ్గ మందు ఒక్కటే, పారాసెటమాల్. సరైన మోతాదులో ఇంతకన్నా సురక్షితమైనది లేదు. మోతాదు తప్పితే కాలేయాన్ని దెబ్బతీసే మందు కూడా అదే. మన దగ్గర తప్పు ఎక్కడ జరుగుతుందంటే, వయసు చెప్పి మందు అడగడంలో, మూతతో కొలవడంలో, అన్నిటికీ మించి సీసా మారిన సంగతి గమనించకపోవడంలో.

మోతాదును బరువు నిర్ణయిస్తుంది. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఒక మోతాదుకూ మరో మోతాదుకూ మధ్య కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు గంటల తేడా, రోజులో నాలుగు సార్లకు మించకుండా. ఇప్పుడు 8 కిలోల బిడ్డను తీసుకుందాం. ఒక్కసారికి 80 నుంచి 120 మిల్లీగ్రాములు కావాలి. మెడికల్ షాపులో పారాసెటమాల్ మూడు రకాలుగా దొరుకుతుంది. చిన్న సీసాలో వచ్చే చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. మామూలు సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 లేదా 125 ఉంటుంది. గాఢమైన సిరప్‌లో అదే 5 మిల్లీలీటర్లకు 250 ఉంటుంది. అంటే ఈ బిడ్డకు చుక్కల మందు అయితే 1 మిల్లీలీటరు, మామూలు సిరప్ అయితే 4 మిల్లీలీటర్లు, గాఢమైనదైతే 2 మిల్లీలీటర్లు. కిందటిసారి సిరప్ ఒక చెంచా పోశామన్న గుర్తుతో ఈసారి చుక్కల మందు ఒక చెంచా పోస్తే బిడ్డ ఒంట్లోకి 500 మిల్లీగ్రాములు వెళ్తుంది. అది పెద్దవాళ్ళు వేసుకునే పూర్తి మాత్ర. రోజుకు మూడు నాలుగుసార్లు అలా జరిగితే ఆ కాలేయం ఏమవుతుందో ఊహించుకోవచ్చు. సీసాలు చూడటానికి ఒకేలా ఉంటాయి, మందు రంగూ తీపీ ఒకటే, తేడా చెప్పేది చీటీ మీది చీమ తలకాయంత అక్షరాలే.

ఈ రెండు జిల్లాల్లో ఇది మరీ పట్టించుకోవలసిన విషయం. హైదరాబాద్, చెన్నై, విశాఖపట్నం నిర్మాణ పనులకు వెళ్ళిన జంటల పిల్లలు ఎందరో నాయనమ్మల దగ్గర, అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. సీసా మీద ఉన్నది చదవలేని ఆ పెద్దవాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. మందు కొన్న షాపులోనే బిడ్డ బరువు చెప్పి, డ్రాపరు మీదో కొలత మూత మీదో ఎంతవరకు పోయాలో పెన్నుతో గీత గీయించుకోవచ్చు. సీసా ఫొటో తీసి కొడుక్కో కూతురికో పంపి, ఫోనులో అడిగి పోయవచ్చు. బరువు కోసం వెతుక్కోనక్కర్లేదు. అంగన్‌వాడీలో ప్రతి నెలా తూచి తల్లీబిడ్డల రక్షణ కార్డులో రాస్తారు. వంటింటి చెంచాలతో మాత్రం కొలవకూడదు. ఏ రెండూ ఒక కొలతవి కావు.

జ్వరం మందును అంకె తగ్గించడానికి కాక బిడ్డ బాధ తగ్గించడానికి పోయాలి. 101 ఉండి ఆడుకుంటున్న బిడ్డకు పోయకపోయినా నష్టం లేదు. నిద్రపోతున్న బిడ్డను లేపి పోయనక్కర్లేదు. పోసిన గంటకు ఒకటి రెండు డిగ్రీలు తగ్గితే మందు పనిచేసినట్టే, పూర్తిగా చల్లబడలేదని వెంటనే మళ్ళీ పోయకూడదు. జలుబు సిరప్‌లు కొన్నింటిలో కూడా పారాసెటమాల్ ఉంటుంది. జ్వరానికొకటి, జలుబుకొకటి అని రెండు సీసాలు వాడితే ఒకే మందు రెండింతలు పడుతుంది. అసలు జలుబు, దగ్గు మందులు రెండేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వవద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు మందు తాగి పసిపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయిన తర్వాత వచ్చిన సూచన అది.

ఐబుప్రొఫెన్, మెఫెనామిక్ యాసిడ్ కలిసిన సిరప్‌లు ‘గట్టి మందు’గా మన షాపుల్లో సులువుగా చేతికొస్తాయి. ఆరు నెలల లోపు బిడ్డకు అవి పనికిరావు. డెంగీ అయి ఉండే అవకాశమున్నప్పుడు రక్తస్రావం ముప్పు పెంచుతాయి. విరేచనాలు, వాంతులతో నీరు తగ్గిన బిడ్డలో కిడ్నీలను దెబ్బతీస్తాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కూల్చిందో, పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఎందుకు తెరవాల్సి వచ్చిందో తెలిసిన ఈ ప్రాంతంలో నొప్పి మాత్రలంటే పెద్దవాళ్ళకే హెచ్చరికలు చేస్తున్నారు. అదే కోవకు చెందిన మందులను చీటీ లేకుండా పసిబిడ్డలకు పోయడం ఎంత మాత్రం తగదు. నిమెసులైడ్‌ను 12 ఏళ్ళ లోపు పిల్లలకు మన దేశంలో 2011లోనే నిషేధించారు. ఆస్పిరిన్ పిల్లల జ్వరానికి అసలు వాడకూడదు. కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రై సిండ్రోమ్ ముప్పు ఉంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చే పేరు తెలియని ఇంజక్షన్ కూడా వద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే వేడి గంటలో దిగిపోతుంది, లోపలి జబ్బు మాత్రం ముదురుతూనే ఉంటుంది.

చిగురు నొప్పికి

ఇక్కడ చేయాల్సింది చాలా తక్కువ. గోరు కత్తిరించి, సబ్బుతో కడుక్కున్న వేలితో చిగురును ఒకటి రెండు నిమిషాలు మెల్లగా రుద్దాలి. శుభ్రమైన నూలుగుడ్డను తడిపి, కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి కొరకనివ్వవచ్చు. గడ్డకట్టేంత చల్లన అయితే చిగురు దెబ్బతింటుంది. చొంగను ఎప్పటికప్పుడు అద్దినట్టు తుడిచి, గడ్డం కింద కొబ్బరినూనె పలచగా రాస్తే చర్మం చిట్లదు. రాత్రి మరీ ఏడుస్తుంటే బరువుకు తగ్గ పారాసెటమాల్ ఒక్క మోతాదు. అంతే. క్యారెట్ ముక్క, చెరకు ముక్క, జంతిక చేతికిస్తే అప్పుడే వచ్చిన రెండు పళ్ళతో కొరికి, నమలలేక ఊపిరి అడ్డం పడవచ్చు. మెడలో పూసల దండలు, నిద్రలో బిగుసుకునే తాయత్తు దారాలు కూడా ప్రమాదమే.

చిగుళ్ళకు రాసే జెల్‌లను డబ్బు పెట్టి కొనడం శుద్ధ దండగ, పైగా ప్రమాదం. రాసిన కొద్ది నిమిషాల్లో చొంగతో కొట్టుకుపోతాయి, మిగిలింది బిడ్డ మింగేస్తుంది. కొన్నిటిలో తిమ్మిరెక్కించడానికి కలిపే లిగ్నోకైన్ ఎక్కువైతే ఫిట్స్, గుండె లయ తప్పడం జరుగుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో గట్టిగా హెచ్చరించింది. అలాంటిదే మరో మందు బెంజోకైన్ రక్తంలో ప్రాణవాయువు చేరవేతను దెబ్బతీస్తుంది కాబట్టి రెండేళ్ళ లోపు పిల్లలకు వద్దని 2018లో మళ్ళీ చెప్పింది. మరికొన్ని జెల్‌లలో ఉండే కోలిన్ శాలిసిలేట్ ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. ఆ జెల్‌లను 16 ఏళ్ళ లోపు వాళ్ళకు వాడవద్దని బ్రిటన్ 2009లోనే తేల్చింది.

వస కొమ్ము అరగదీసి తేనెలో రంగరించి నాకించే అలవాటు గురించి కూడా నిక్కచ్చిగా చెప్పుకోవాలి. ఏడాది లోపు బిడ్డకు తేనె వద్దు. అందులో ఉండగల బీజాణువులు పేగుల్లో మొలిచి కండరాలను చచ్చుబడేసే బోటులిజం తేవచ్చు. వసలోని బీటా అసరోన్ అనే పదార్థం కారణంగా అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో నిషేధించింది. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నోట్లో మరేదీ పడకూడదన్న నియమం ఉగ్గుగిన్నెకూ వర్తిస్తుంది.

ఫిట్స్ వస్తే

ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి జ్వరంతో పాటు ఫిట్స్ వస్తాయి. చూసేవాళ్ళకు ప్రాణం పోయినంత పనవుతుంది. చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి, బిడ్డ తెలివితేటలకు ఏ లోటూ రాదు. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం వల్ల ఆగవు. నోట్లో చెంచా కుక్కితే పళ్ళు విరగడం, ఊపిరి ఆడకపోవడం వంటివి జరుగుతాయి. కాల్చి వాత పెట్టడం నేరమంత తప్పు. బిడ్డను నేల మీద ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లోంచి వచ్చే నురగ బయటికి కారనిచ్చి, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటినా, ఆగి మళ్ళీ వచ్చినా, బిడ్డ తిరిగి తెలివిలోకి రాకపోయినా 108కి ఫోన్ చేయాలి. తొందరగా ఆగిపోయినా మొదటిసారి వచ్చిన ఫిట్స్ అయితే అదే రోజు డాక్టరుకు చూపించాలి. జ్వరం మందు ముందే పోసినంత మాత్రాన ఈ ఫిట్స్ రాకుండా ఆగవని అధ్యయనాలు చెబుతున్నాయి. మందు ఆలస్యంగా పోశానని ఏ తల్లీ కుమిలిపోనక్కర్లేదు.

ఎప్పుడు, ఎక్కడికి

మూడు నుంచి ఆరు నెలల మధ్య బిడ్డకు 102 దాటినా, ఏ వయసులోనైనా జ్వరం మూడో రోజుకు తగ్గకపోయినా, పాలు తాగకపోయినా, తాగినదంతా కక్కేస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, మాడు ఉబ్బినా గుంటపడినా, గాజుగ్లాసుతో నొక్కినా మాయం కాని ఎర్రటి లేక ఊదా మచ్చలు వచ్చినా, లేపితే లేవకపోయినా రాత్రని ఆగకూడదు. మామూలు జ్వరానికి ఊళ్ళోని విలేజ్ క్లినిక్, పీహెచ్‌సీ సరిపోతాయి. పై గుర్తులు ఉంటే శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో పిల్లల విభాగాలు రాత్రీ పగలూ తెరిచే ఉంటాయి. ఆశా కార్యకర్త 3, 6, 9, 12, 15 నెలలప్పుడు ఇంటికి రావాలన్నది 2018 నుంచి అమలులో ఉన్న నియమం. పళ్ళు రావడం మొదలయ్యే వయసు ఆ సందర్శనల్లోనే పడుతుంది. బరువు, మందు మోతాదు, ఓఆర్‌ఎస్ కలపడం వంటివన్నీ జ్వరం లేని రోజున ఆమెతో కూర్చుని చెప్పించుకోవడం సులువు.

కొండ మీది గూడెం నుంచి డోలీలో రోడ్డుదాకా రావాల్సిన వాళ్ళకు దారిలోనే గంటలు గడుస్తాయి. బయలుదేరే ముందు బరువుకు తగ్గ ఒక మోతాదు పారాసెటమాల్ పోసి, ఏ వేళకు పోశారో కాగితం మీదో ఫోనులోనో గుర్తు పెట్టుకోవాలి. బిడ్డ తెలివిగా ఉంటే దారి పొడవునా తల్లిపాలు, ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా పడుతూ ఉండాలి. మగతగా ఉన్న బిడ్డ నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు. తల్లీబిడ్డల కార్డును, అప్పటిదాకా వాడిన మందు సీసాలన్నిటినీ, ఖాళీ అయినవాటితో సహా, సంచిలో వేసుకోవాలి. డ్యూటీ డాక్టరు మొదట అడిగేది ఏ మందు, ఎంత, ఎప్పుడు పోశారన్నదే.